సన్మానం రోజున వచ్చిన పడవ

హాలండు దేశంలో ఒక నగరం, ఆ నగరం నడిబొడ్డున ఒక పార్కు. అక్కడ గడ్డి మీద నడవొచ్చు. నడవడమేమిటి, పడుకోవచ్చు, దొర్లొచ్చు, చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోవచ్చు. ఈల ఊదుకుంటూ వచ్చి లేపే కాపలావాడు లేడు. ఆడది ఒంటరిగా వచ్చి వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ ఉన్నా, ఎవరమ్మాయివి, ఎవరికోసం కాచుకున్నావు అని అడిగేవాడు లేడు. మనుషులకే ఇంత సుఖమైతే అక్కడి పశుపక్షుల సుఖం ఇంకెంతో అనుకుంది కొల్లేటి చారమ్మ.

చారమ్మ అడవి బాతు. తల వెనక రెండు నల్ల చారలు, నోట్లో ఒక పదునైన నాలుక. చలికాలమంతా కొల్లేట్లో మేసి, ఎండలు ముదరకముందే హిమాలయాల మీదుగా ఉత్తరానికి వెళ్లే జాతి. ఆ ఏడు దారిలో గాలి ఎదురుతిరిగి గుంపు చెదిరింది. కొన్నాళ్లు ఆ గాలితో కొట్టుకుపోయి, కిందికి చూస్తే కాలవలూ, సైకిళ్లూ, ఒక చెరువూ కనబడ్డాయి. ఎలాగూ వచ్చాను, నాలుగు రోజులు చూసి పోదాం అనుకుని దిగింది.

మొదట పలకరించింది మనవాడే. పచ్చయ్య అనే రామచిలక. వాడి ముత్తాతలు పంజరాల్లో ఆ దేశం చేరి, ఎవరో తలుపు వేయడం మరిచిపోతే బయటపడి, పార్కు చెట్ల తొర్రల్లో కాపురాలు పెట్టారు. పచ్చయ్యకి ఆ సంగతి గుర్తుచేస్తే కోపం. తన వంశం మొదటినుంచీ ఇక్కడిదే అన్నట్టు మాట్లాడతాడు.

పచ్చయ్య చారమ్మకి పార్కంతా తిప్పి చూపించాడు. మీ దగ్గరిలా కాదు చెల్లెమ్మా, ఇక్కడ ఆడా మగా ఒకటే అన్నాడు. సైకిలు ముందు పెట్టెలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని తొక్కే మగవాళ్లని చూపించాడు. నీళ్ల మీద తేలే గూట్లో పెళ్లాంతో వంతులేసుకుని గుడ్ల మీద కూర్చునే నీటికోడి మొగుణ్ణి చూపించాడు.

"నువ్వూ కూర్చుంటావా?" అంది చారమ్మ.

పచ్చయ్య మెడకున్న గులాబిరంగు పట్టీ సవరించుకున్నాడు. "మా ఇంట్లో ఆవిడకి నేను కూర్చోవడం ఇష్టం ఉండదు."

దూరపు కొండలు నునుపు అని కొండలు చూడనివాళ్లు కూడా అంటారు. చారమ్మ కొండల మీదుగా ఎగిరి వచ్చింది. ఊరుకుని చూసింది.

చెరువు తూర్పున, నీళ్లలోకి నాలుకలా చొచ్చుకుపోయిన దిబ్బ ఒకటుంది. చుట్టూ రెల్లు, లోపల నాలుగు గూళ్లు. అందులో ఉండేవి బూడిదరంగు పెద్ద బాతులు, మెడ చాపితే మనిషి నడుం అందుకుంటాయి. వాటికి పెద్ద గండయ్య అనే గండుబాతు. అతని పెళ్లాం దూదమ్మ. ఏటా తన రొమ్ము మీది మెత్తటి ఈకలు తానే పీకి గూట్లో పరుస్తుంది గనుక ఆ పేరు. చారమ్మ వెళ్లేసరికి ఆమె ఐదు గుడ్ల మీద కూర్చుని ఉంది. రొమ్ము మీద చర్మం ఎర్రగా బయటపడి ఉంది.

చారమ్మ చుట్టరికం కలిపింది. "వదినా, ఈ చలిలో కొంచెమైనా ఉంచుకోవాల్సింది."

"ఈసారైనా నిలవాలి కదా," అంది దూదమ్మ, గుడ్ల మీదనుంచి కదలకుండానే.

తరవాత మెల్లగా సంగతి చెప్పింది. మూడేళ్లుగా దిబ్బ మీద ఒక్క గుడ్డు పగల్లేదు. ఆమెవే కాదు, తక్కిన ముగ్గురివీ. వేసవి దాకా కూర్చుంటారు, గుడ్లు కుళ్లి వాసన వేస్తాయి, నీళ్లలోకి దొర్లించి ఏడుస్తారు. చెరువులో అందరూ వాళ్లని గొడ్రాళ్లు అంటారు. ఈ వసంతం కూడా పోతే నలుగురూ దిబ్బ ఖాళీ చేసి ట్రాము రోడ్డు పక్కన మురుగు కాలవకి వెళ్లాలని తీర్పు అయింది. గండయ్య అవతలి చెరువునుంచి చిన్న పిల్లని తెచ్చుకుంటాడు.

తీర్పు చెప్పింది నారాయణపక్షి. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకునే ఆ బూడిదరంగు కొంగకి మనమే భక్తితో ఆ పేరు పెట్టుకున్నాం. ఏ దేశపు నీళ్లలో నిలబడినా దాని జపం చేప కోసమే. ఆడవాళ్లు స్నానాల పేరుతో గూడు దిగుతున్నారనీ, ఒకరి గూటి దగ్గర ఒకరు కూర్చుని కబుర్లాడుతున్నారనీ, గుడ్డుకి ఆ గాలి సోకుతుందనీ చెప్పింది. అదీ చాలకపోతే పూర్వజన్మ ఉండనే ఉంది.

"మగవాళ్లేం చేస్తుంటారు?" అని అడిగింది చారమ్మ.

"కాపలా కాస్తారు," అంది దూదమ్మ.

కాపలా సంగతి చారమ్మ అప్పుడే చూసింది. గండయ్యా, మిగతా ముగ్గురు గండుబాతులూ బెంచీల చుట్టూ తిరుగుతూ, మనుషులు పారేసిన ఆలూ వేపుడు ముక్కలకి కాపలా కాస్తున్నారు.

ఇంతలో ఒక కుక్క పోగొట్టుకున్న పసుపుపచ్చ బంతి దొర్లుకుంటూ వచ్చి దూదమ్మ గూటి పక్కన ఆగింది. ఆ బాతుల్లో ఒక అలవాటుంది. గూటి పక్కన గుండ్రటిది ఏది కనబడినా మెడ చాపి, ముక్కు కింద పెట్టి, గూట్లోకి దొర్లించుకుంటాయి. జారిపోయిన గుడ్డు మళ్లీ తల్లి కిందికి రావాలని పుట్టిన అలవాటు అది. ఆలోచించి చేసేది కాదు, మెడే చేసేస్తుంది. దూదమ్మ మెడ చాపింది, బంతి లోపలికి వచ్చింది. వచ్చాక చూసుకుని సిగ్గుపడింది.

గట్టు మీదనుంచి గండయ్య నవ్వాడు. మగవాళ్లంతా నవ్వారు.

"గుండ్రటిది కనబడితే చాలు, గుడ్డనుకుంటారు ఆడవాళ్లు," అన్నాడు గండయ్య. "ఈ బుద్ధితో పిల్లలెలా పొదుగుతారు?"

చారమ్మకి ఒళ్లు మండింది. మీ మెడలూ ఆ జాతి మెడలే కదా, మీరు కూర్చుంటే తెలిసేది అంది. గండయ్య ఆమెని కిందనుంచి మీదికి చూశాడు. చుట్టపుచూపుగా వచ్చినదానివి, మా పార్కు చూసుకుని మర్యాదగా పోవాలి అన్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"కందకి దురద లేదని నీకెవరు చెప్పారు? ఎప్పుడైనా కందని అడిగావా?"

గండయ్య మెడ తిప్పుకున్నాడు. మనుషులు కొత్త పొట్లం విప్పుతున్నారు, అటు పోయాడు.

నాలుగు గూళ్లు, మూడేళ్లు, ఒక్క పిల్ల లేదు. ఒక ఆడదానికి పిల్లలు పుట్టకపోతే అది కడుపు సంగతి అనుకోవచ్చు. నలుగురికీ ఒకేసారి, ఒకే రకంగా పుట్టకపోతే అది ఎవరో చేసిన పని. ఈపాటి లెక్క చెరువులో ఎవరికీ తోచలేదంటే, తోచనివ్వనివాళ్లు ఉన్నారన్నమాట. చారమ్మ నేరుగా పచ్చయ్య తొర్ర కిందికి వెళ్లింది.

"మా వైపు చిలకలు ముక్కుతో కార్డు తీసి జాతకాలు చెబుతాయి. నీకేమైనా విద్య వచ్చా, ఇక్కడికొచ్చి అదీ మరిచిపోయారా మీవాళ్లు?"

పచ్చయ్యకి పౌరుషం వచ్చింది. పంజరంలో కూర్చుని కార్డులు తీయడం విద్య కాదు, వెట్టి అన్నాడు. ఈ పార్కులో ఏ గొంతు కావాలో అడుగు అన్నాడు. ట్రాము గంట కొట్టాడు. చంటిపిల్లలా ఏడ్చాడు. ఐసుక్రీము బండివాడిలా దగ్గాడు. చారమ్మ ఆవలించింది.

"చిల్లర గొంతులు ఎవరైనా చేస్తారు. పెద్దమనుషుల గొంతులు వచ్చా?"

"ఎందుకు రావు? వాళ్ల మంతనాలన్నీ నా చెట్టు కిందేగా." పచ్చయ్య గొంతు సవరించుకుని గండయ్య అయిపోయాడు. "పార్కువాళ్ల పడవ వచ్చే రోజు దగ్గరపడింది స్వామీ. ఆడవాళ్లని అవతలి గడ్డికి తోలాలి."

వెంటనే నారాయణపక్షి అయ్యాడు. "తోలితే రారు. సన్మానం అని పిలు. దండ అంటే ఎంతటి ఆడదైనా గూడు దిగుతుంది."

"గుడ్లని ఊపి, లోపలి ప్రాణం తీసేసి మళ్లీ గూట్లోనే పెడతారు కదా?"

"పెడతారు. పట్టుకుపోతే ఆడవాళ్లు కొత్తవి పెడతారు. చచ్చిన గుడ్లే కింద ఉంటే, బతికున్నాయనుకుని వేసవి దాకా కూర్చుంటారు."

పచ్చయ్య మెచ్చుకోలు కోసం కిందికి చూశాడు. చారమ్మ ముఖం చూసి రెక్కలు ముడుచుకున్నాడు. తను అన్నదేమిటో అప్పుడు, మొదటిసారి, తన చెవిన పడింది.

"మూడేళ్లుగా ఇది నీ నోట్లో ఉంది," అంది చారమ్మ.

"నేను గొంతే పట్టుకుంటాను చెల్లెమ్మా. అర్థం పట్టుకునే అలవాటు లేదు."

అలవాటు లేనివాళ్లు చాలామందే ఉంటారు. సమానత్వం అనే మాటని కూడా వాళ్లు ఇలాగే నేర్చుకుంటారు.

చారమ్మ వెళ్లి దూదమ్మకి అంతా చెప్పింది. దూదమ్మ నమ్మలేదు. మిగతా ముగ్గురూ కూడా నమ్మలేదు. ఏటా సన్మానం చేస్తున్నారు, గోధుమలు పెడుతున్నారు, తల్లి దేవత అంటున్నారు, అలాంటివాళ్లు ఇలా చేస్తారా అన్నారు. చిలక మాటలు పట్టుకుని కాపురాలు కూల్చకు అని ఒకామె చారమ్మని కోప్పడింది.

"ఆ గోధుమలు ఎక్కడినుంచి వస్తాయి?" అని మాత్రం అడిగింది చారమ్మ.

ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు పొద్దున్న దూదమ్మ గుడ్ల మీద ఈకలు కప్పి, స్నానానికన్నట్టు రెల్లులోకి వెళ్లి ఆగింది. పచ్చకోటు వేసుకున్న పార్కు మనిషి ఒకడు బండి మీద గోధుమల బస్తా తెచ్చి అవతలి గడ్డి దగ్గర దించాడు. గండయ్య అక్కడ ముందే నిలబడి ఉన్నాడు. మనుషుల్ని చూస్తే బుస కొట్టే గండయ్య ఆ మనిషికి మెడ వంచాడు. ఆ మనిషి గండయ్యని తట్టి, చెయ్యి దిబ్బ వైపు చూపించి వెళ్లిపోయాడు.

దూదమ్మ తిరిగి వచ్చి గూటి పక్కన నిలబడింది. గుడ్ల మీద వెంటనే కూర్చోలేకపోయింది. మూడేళ్లుగా ఏటా ఒకరోజు తను తిన్న గోధుమలు దేనికి ఖరీదో ఆమెకి అర్థమైంది. 

"మా కొల్లేటి వైపు బాతు గుడ్లని కోడి కింద పెట్టి పొదిగిస్తారు," అంది చారమ్మ. "మా పల్లెల్లో అది మామూలు. ఇక్కడ కోళ్లున్నాయా?"

ఉన్నాయి. దిబ్బకి ఆనుకునే ఒక కంచె, కంచె వెనక నగరం పిల్లలు చూడ్డానికి పెట్టిన చిన్న పశువుల దొడ్డి. మేకలు, ఒక గాడిద, కొన్ని కోళ్లు. పొదుగుకి వచ్చిన పెట్టలు నాలుగైదు గడ్డిలో ఖాళీగా కూర్చుని ఉన్నాయి. పిల్లలు వచ్చి రోజూ బుట్టల్లో గుడ్లు ఏరుకుపోతారు, అదో వేడుక. చారమ్మ కంచె సందులోంచి తల దూర్చి విషయం చెబితే వాటిలో ముసలి పెట్ట మొత్తం వినలేదు.

"ఎవరి గుడ్డయితే నాకేంటమ్మా. నా కింద ఒక్కటైనా పగలనీ. పిల్లల చేతులు అందని మూల ఒకటుంది, తెచ్చి పెట్టండి."

ఆ మధ్యాహ్నం ఎండ కాసింది. ఆ దేశంలో ఎండ కాయడమంటే మనకి వాన పడడం లాంటిది. నగరమంతా వచ్చి గడ్డి మీద పడుకుంది. వేపుడు పొట్లాలు విప్పారు, రొట్టెలు తుంచారు. మగబాతుల కాపలా అటే పోయింది. దిబ్బ మీద ఒక్క గండుబాతు లేడు.

నలుగురు ఆడవాళ్లూ ఒక్కో గుడ్డునీ ముక్కు కింద పెట్టుకుని, మెడలు చాపి, గడ్డిలో దొర్లించుకుంటూ కంచె దాకా తీసుకెళ్లి, సందులోంచి లోపలికి తోశారు. మగవాళ్లు చూసి నవ్విన ఆ మెడల పనే ఇప్పుడు అక్కరకొచ్చింది. చివరి గుడ్డు పెట్టల కిందికి చేరాక చారమ్మ ఒక చిక్కు చెప్పింది. ఖాళీ గూడు చూస్తే పడవవాళ్లు వెతుకుతారు, మగవాళ్లు ముందే పసిగడతారు.

ఉపాయం తోచింది దూదమ్మకే. ఆమె రెల్లులోకి వెళ్లి ఒక కుక్క బంతి దొర్లించుకొచ్చింది. మళ్లీ వెళ్లి ఇంకొకటి. ఆ చెరువులో కుక్కలు పోగొట్టుకున్న బంతులకి లోటు లేదు. పసుపువి, ఎర్రవి, పళ్లగాట్లు పడ్డవి. నలుగురూ గూళ్లు నింపి, పైన తమ రొమ్ము ఈకలు ఒత్తుగా కప్పారు. బాతు గూడు దిగేటప్పుడు గుడ్లు కప్పి పోవడం మామూలే గనుక, చూసేవాడికి తేడా ఏమీ కనబడదు.

"గుండ్రటిదే కదా," అంది దూదమ్మ. మూడేళ్లలో ఆమె నవ్వడం తక్కిన ముగ్గురూ అప్పుడే చూశారు.

సన్మానం మర్నాడు. అవతలి గడ్డి మీద గోధుమలు కుప్పపోశారు. డాండెలియను పూల దండలు తయారుగా ఉన్నాయి, అంటే గడ్డిపూలే, ఖర్చు లేనివి. నారాయణపక్షి రెండు కాళ్ల మీదా నిలబడి ఉపన్యసించింది. ఓర్పులో భూదేవి అంది, త్యాగంలో కొవ్వొత్తి అంది. మాతృమూర్తి రొమ్ము మీద లేని ఈకలే ఆమె ఆభరణాలు అంది. గండయ్య కళ్లు తుడుచుకున్నాడు. నీటికోళ్లూ, కాకులూ, చిన్న బాతులూ, పార్కులో జనమంతా చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు.

అప్పుడు చారమ్మ లేచి ఒక్క మాట చెప్పుకోనిమ్మంది. ఈ పార్కు చూసి తన కళ్లు తెరుచుకున్నాయంది. ఆడా మగా ఒకటే అని పచ్చయ్యగారు మొదటి రోజే చెప్పారంది. మరి ఇక్కడ వదినలు దండలు వేసుకుని కూర్చుంటే అక్కడ గుడ్లు చల్లబడుతున్నాయి కదా, అన్నగార్లు నలుగురూ వెళ్లి కాసేపు కూర్చుంటే సన్మానం నిండుగా ఉంటుంది కదా అంది.

జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నీటికోడి మొగుడు కొట్టాడు. పెళ్లాం చాటు మొగుడని గండయ్య బృందం అతన్ని రోజూ ఎకసెక్కం చేస్తుంటుంది.

మిగతా మగవాళ్లు గండయ్య ముఖం చూశారు. గండయ్యకి మొదట ఇబ్బంది అనిపించింది, తరవాత ఇదే మేలనిపించింది. ఆడవాళ్లు తింటూ ఉంటారు, పడవ వస్తుంది, తాము లేచి పక్కకి తప్పుకుంటారు, పని అయిపోతుంది. పైగా పేరొస్తుంది. త్యాగానికి సిద్ధమైనవాడిలా మెడ ఎత్తి, మేమే కూర్చుంటాం అన్నాడు. నలుగురూ వెళ్లి ఈకల మీద జాగ్రత్తగా కూర్చున్నారు. కింద గుండ్రగా, గట్టిగా తగిలింది. సరిపోయిందనుకున్నారు.

ఇక్కడ చారమ్మ రెండో మాట చెప్పింది. "మా వైపు సన్మానం అయ్యాక ఊరేగింపు ఉంటుంది. ఊరేగించకుండా ఇంటికి పంపడం అవమానం కింద లెక్క."

నారాయణపక్షి ఎటు చూసినా జనమే. ఊరేగింపు అక్కర్లేదని ఆ దండల ముందు ఎలా అంటుంది? ముందు నడిచింది. దాని వెనక మెడలో పూలదండలతో నలుగురు ఆడవాళ్లు, వాళ్ల వెనక పార్కంతా. చెరువు చుట్టూ తిరిగి, దిబ్బ ఎదురుగా ఉన్న చెక్క వంతెన మీదికి వచ్చేసరికి పడవ వచ్చింది.

పడవలో పచ్చకోట్లవాళ్లు ఇద్దరు. ఒకడి చేతిలో గొడుగు ఉంది, తల్లిబాతు మీదపడితే అడ్డు పెట్టుకోవడానికి. గొడుగుతో పని పడలేదు. వాళ్లు దిగకముందే గండయ్య లేచాడు. పక్కకి జరిగాడు. నిన్న బస్తా దగ్గర వంచినట్టే మెడ వంచి నిలబడ్డాడు. అలవాటైన పని చేసేవాళ్లకి ఉండే నిదానం అతనిలో ఉంది. మిగతా ముగ్గురూ అలాగే చేశారు.

వంతెన మీద చప్పట్లు ఆగిపోయాయి. 

పచ్చకోటు మనిషి ఈకలు తొలగించి చెయ్యి పెట్టాడు. పసుపుపచ్చ బంతి వచ్చింది. మళ్లీ పెట్టాడు, ఎర్ర బంతి వచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. పక్క గూట్లో కూడా అవే. ఫోన్లు తీసి ఫోటోలు పట్టుకున్నారు. నవ్వుతూనే ఒక బంతిని ఒడ్డు మీద విసిరేసి పడవ తోసుకుపోయారు.

ఆ బంతి దొర్లుకుంటూ వచ్చి గూటి పక్కన ఆగింది.

గండయ్య బంతిని చూశాడు. అది బంతి అని అతనికి తెలుసు. వంతెన మీద పెళ్లాం, ఊరూ చూస్తున్నారనీ తెలుసు. అయినా మెడ ముందుకి సాగింది. ముక్కు బంతి అవతలికి వెళ్లింది. మెల్లగా, ఎంతో ప్రేమగా, దాన్ని గూట్లోకి దొర్లించుకున్నాడు.

చెట్టు మీదనుంచి గండయ్య గొంతే వినబడింది. "గుండ్రటిది కనబడితే చాలు, గుడ్డనుకుంటారు ఆడవాళ్లు."

ఈసారి పచ్చయ్య అర్థం తెలిసే పలికాడు.

పార్కు నవ్వింది. నీటికోడి మొగుడు నవ్వు ఆపుకోలేక నీళ్లలో పడ్డాడు. నవ్వనిది దూదమ్మ ఒక్కతే. మెడలో దండ తీసి వంతెన మీద పెట్టి, ఈదుకుంటూ దిబ్బకి వచ్చింది.

గండయ్య అప్పటికి తేరుకున్నాడు. అంతా మీ మంచికే చేశానన్నాడు. మూడేళ్ల కిందట పార్కువాళ్లు వలలు పట్టుకొచ్చారనీ, పక్క పార్కులో సగం బాతుల్ని లారీ ఎక్కించారనీ, బాతులు ఎక్కువైపోయాయని వాళ్ల బాధ అనీ, గుడ్ల దగ్గర అడ్డుపడకపోతే వలలు రావని తనకి అర్థమైందనీ చెప్పాడు. గుంపుని కాపాడడానికి తను లోలోపల ఎంత కుమిలిపోయాడో కూడా చెప్పబోయాడు.

"వలల సంగతి నిజమే కావచ్చు," అంది దూదమ్మ. "చెరువు చాలదన్నదీ నిజమే కావచ్చు. నాకు చెప్పి ఉంటే గుడ్డు పెట్టకుండా ఉండేదాన్నేమో. పెట్టి, వాళ్లతో పోట్లాడేదాన్నేమో. అది నేను తేల్చుకోవాల్సిన మాట. నా కడుపు సంగతి బస్తావాడికి తెలుసు, కొంగకి తెలుసు, చెట్టు మీద చిలకకి తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు. చచ్చిన గుడ్లని తెలిసే, వాటి మీద కూర్చున్న నన్ను చూసి గొడ్రాలు అన్నావు. పాపం పండిందన్నావు. మురుగు కాలవకి పొమ్మన్నావు. నా రొమ్ము మీద ఈక లేదు గండయ్యా. మూడేళ్లుగా లేదు."

"మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తావా?" అన్నాడు గండయ్య.

అంత మాటా విని అతని చెవికి తగిలింది అదొక్కటే.

నారాయణపక్షి ధర్మం అంటూ ఏదో మొదలుపెట్టింది. మాతృమూర్తి ఈకల గురించి మళ్లీ చెప్పండి స్వామీ, వింటాం అంది చారమ్మ. స్వామి ఆ పూటే తేలు కుట్టిన దొంగలా వేరే కాలవ చూసుకుంది. ఇప్పటికీ అక్కడే జపం చేసుకుంటోంది.

ఆడవాళ్లు దిబ్బ మీద కూర్చుని మాట్లాడుకున్నారు. కూర్చునేవాళ్లదే దిబ్బ అన్నారు. వంతులేసుకుని కూర్చోవడానికి ఇష్టమున్న మగవాళ్లు ఉండొచ్చు, లేనివాళ్లు వెళ్లొచ్చు అన్నారు. ఇద్దరు మగవాళ్లు తలవంచుకుని ఉండిపోయారు. గండయ్య, అతని వెనకే తిరిగే ఇంకొకడు వెళ్లిపోయారు. వెళ్లింది ఎక్కడికంటే, ట్రాము రోడ్డు పక్కన మురుగు కాలవకే. ఆడవాళ్ల కోసం ఖాళీ చేయించి పెట్టిన చోటు గదా, సిద్ధంగా ఉంది.

నెల తిరిగేసరికి దొడ్డిలో గుడ్లు పగిలాయి. కొన్ని పగల్లేదు, దారిలో చల్లబడ్డాయేమో. దూదమ్మ ఐదింటిలో నాలుగు పిల్లలయ్యాయి. పసుపుపచ్చ పిల్లలు ముసలి పెట్ట వెనక వరసగా నడిచి, చెరువు చూడగానే ఒక్కొక్కటే నీళ్లలోకి దూకాయి. పెట్ట గట్టు మీద గుండెలు బాదుకుంది. తనకి మునిగే పిల్లలు పుట్టారనుకుంది పాపం.

"వదినా," అంది దూదమ్మ రెల్లులోంచి వస్తూ, "గట్టు మీద నువ్వుండు. నీళ్లలో నేనుంటాను."

పిల్లలు పగలు నీళ్లలో ఒక తల్లి వెనకా, చీకటి పడ్డాక గడ్డిలో ఇంకో తల్లి కిందా పెరిగాయి. వచ్చే ఏడు పడవ మళ్లీ వస్తుందని అందరికీ తెలుసు. ఎన్ని గుడ్లు పెట్టాలో, ఎన్ని పొదగాలో దూదమ్మా తక్కినవాళ్లూ ఇప్పటినుంచే వాదించుకుంటున్నారు. ఒకరి మాట ఒకరికి పడదు, రోజూ దెబ్బలాటే. కానీ వాదించేది కూర్చునేవాళ్లు.

చలి మొదలుకాగానే చారమ్మ కొల్లేరు చేరింది. పార్కు ఎలా ఉందని అక్కడి బాతులు అడిగాయి. గడ్డి మెత్తన, నడిస్తే ఎవరూ ఏమీ అనరు అని చెప్పింది. మగవాళ్లో అని అడిగాయి. అక్కడ కూడా దండలు బాగా వేస్తారు అంది. ఆ మాటకి కొల్లేట్లో కొన్ని గండుబాతులు భుజాలు తడుముకున్నాయి.

ఇక గండయ్య. మురుగు కాలవ గట్టున మెడ ఎత్తుకునే తిరుగుతున్నాడు. ఎప్పుడైనా ఏ కుక్క బంతి అయినా జారి అటు వస్తే, చుట్టూ చూసుకుని, ఎవరూ లేరని నిబ్బరపడి, ముక్కు కింద పెట్టి గట్టు మీదికి దొర్లించుకుంటాడట. ఎదురుగా రావిచెట్టంత చినారు చెట్టు మీద పచ్చయ్య కూర్చుని ఉన్నాడో లేడో మాత్రం పైకి చూడడు.

నీతి: నీ మెడలో దండ వేస్తున్నప్పుడు తల వంచే ముందు, నీ గూటి దగ్గర ఎవరున్నారో ఒకసారి తిరిగి చూసుకో.